పూల్‌కి అడ్డంగా కట్టే తాడు: ఎక్కడ కట్టాలి, ఎంత బిగించాలి, బెండ్లు ఎన్ని

విశాఖలో మధురవాడ, ఎండాడ వైపు ఏ అపార్ట్‌మెంట్‌ పూల్‌కి వెళ్ళినా గట్టు మీద "4.5 అడుగులు" అన్న పలక ఒకటి కనిపిస్తుంది. ఇంట్లో పెద్దాయనకి ఆ నీళ్ళు భుజాల దాకా. పదేళ్ళ పిల్లకి నెత్తి దాకా. ఏడేళ్ళవాడికి నిలువు మునక. పలక మీద అంకె ఒకటే, లోతు మాత్రం ఎవరి ఒంటిని బట్టి వాళ్ళది. పైగా నీళ్ళలోకి పైనుంచి తిన్నగా చూస్తే నేల అసలు లోతులో ముప్పావు వంతుకే ఉన్నట్టు కనిపిస్తుంది. నాలుగు అడుగులు మూడడుగుల్లా కనబడతాయి. అందుకే కంటి అంచనాని నమ్మకుండా పూల్‌కి అడ్డంగా తాడు కట్టి, దానికి నీళ్ళ మీద తేలే రంగు బెండ్లు గుచ్చుతారు. నిలబడగలిగే నేల ఇక్కడితో అయిపోయిందని అది చెబుతుంది.

ఈ తాడు గురించి ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీది కొనాలి" అని. కొనడం అరగంట పని. ఎక్కడ కట్టాలో తేల్చుకోవడానికే ఒక పూట పడుతుంది. చాలాచోట్ల ఆ పూట ఎవరూ పెట్టరు. పూల్ పొడవుని సగానికి కొలిచి, ఆ సగం దగ్గర కట్టేస్తారు. చూడ్డానికి బావుంటుంది, అంతే.

పూల్ నేల రెండు రకాల వాలుతో ఉంటుంది. తక్కువ లోతు వైపు వాలు మెల్లగా దిగుతుంది: అడుగుకి అంగుళం, అంటే పన్నెండుకి ఒకటి. లోతు వైపు మొదలయ్యాక అడుగుకి నాలుగు అంగుళాల దాకా పడిపోవచ్చు, మూడుకి ఒకటి. ఈ రెండూ కలిసే గీతని వాలు విరుపు అనుకుందాం. ఈత రాని పిల్లలకి అసలు ప్రమాదం అక్కడే. నీళ్ళలో ఒంటి బరువు తేలిపోతుంది కాబట్టి కాలికి పట్టు ఉండదు. నేల మీద కాస్త పాచి ఉందంటే చెప్పక్కర్లేదు. విరుపు దాటి ఒక్క అడుగు వేసినవాడు వెనక్కి ఎక్కాలని చూసినకొద్దీ కిందికే జారతాడు. తాడు సరిగ్గా విరుపు మీద ఉంటే అది చేతికి అందేసరికే కాలు జారిపోయి ఉంటుంది. కాబట్టి విరుపుకి ఒక అడుగు ముందే, తక్కువ లోతు వైపు కట్టాలి. అమెరికాలో పబ్లిక్ పూల్స్‌కి రాసిన నిబంధనలు చాలావాటిలో చెప్పేది కూడా ఇదే: ఒకటి రెండు అడుగులు ముందు.

విరుపు ఎక్కడుందో డ్రాయింగ్‌లో ఉంటుంది. డ్రాయింగ్ ఎవరి దగ్గరుందో మాత్రం అసోసియేషన్‌లో ఎవరికీ తెలియదు. నీళ్ళు నిండి ఉన్నప్పుడే కొలుచుకోవచ్చు. ఎనిమిది అడుగుల అంగుళం పైపు ఒకటి తీసుకుని, కింది కొసకి మూత ఉంటే అక్కడ రెండు మూడు బెజ్జాలు వేయండి. లేకపోతే లోపలి గాలికి పైపు తేలిపోయి కొలత తప్పుతుంది. పైపు మీద అంగుళం అంగుళానికి మార్కర్‌తో గీతలు పెట్టుకోండి. తక్కువ లోతు చివర మొదలుపెట్టి, గట్టు వెంట అడుగుకొకసారి పైపు నిలువుగా దించి లోతు రాసుకుంటూ వెళ్ళండి. అంకెలు ఇలా వస్తాయి: 3 అడుగుల 6 అంగుళాలు, 3 అడుగుల 7, 3 అడుగుల 8, 3 అడుగుల 9. ఆ తర్వాత ఒక్కసారిగా 4 అడుగుల 1, 4 అడుగుల 5. తేడా ఒక అంగుళం నుంచి నాలుగు అంగుళాలకి ఎక్కడ ఎగిరిందో అక్కడే విరుపు. ఇందులో అది 3 అడుగుల 9 అంగుళాల దగ్గరుంది. అక్కణ్ణుంచి అడుగు వెనక్కి వస్తే 3 అడుగుల 8 అంగుళాలు. తాడు అక్కడ కట్టాలి. రెండో గట్టు వెంట కూడా ఇదే కొలత తీయాలి. మేస్త్రీ పనిలో విరుపు గీత కాస్త ఏటవాలుగా పోవడం మామూలే. అలాంటప్పుడు రెండు వైపుల్లో ఏది ముందు వస్తే దాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

విరుపే లేకుండా ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే వాలుతో దిగే పూల్స్ కూడా ఉన్నాయి. మూడడుగుల నుంచి ఆరడుగులకి, నలభై అడుగుల పొడవునా. అలాంటి చోట లోతునే హద్దుగా పెట్టుకోవాలి. పెద్దవాళ్ళు మాత్రమే దిగే పూల్ అయితే అయిదడుగుల దగ్గర కట్టినా తప్పు లేదు. పిల్లలు దిగే పూల్‌లో నాలుగు అడుగులు దాటనివ్వకూడదు. మూడున్నర దగ్గర కడితే ఇంకా మంచిది. "పిల్లలకి జాగా తగ్గిపోతుంది" అని గొణిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు. గొణగనివ్వండి.

ఇక తాడు. నైలాన్, పాలీప్రాపిలీన్ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చేతికి నైలానే మెత్తగా, గట్టిగా అనిపిస్తుంది. పూల్‌కి మాత్రం అది పనికిరాదు. నీళ్ళు పీలుస్తుంది, సాగుతుంది, మునుగుతుంది. పాలీప్రాపిలీన్ నీళ్ళకంటే తేలిక, దానంతటదే తేలుతుంది. దుకాణంలో చెప్పిన పేరు నమ్మక్కర్లేదు. బెత్తెడు ముక్క కోయించుకుని నీళ్ళ బకెట్లో వేసి, చేత్తో నొక్కి వదలండి. పైకొస్తే తీసుకోండి, అడుక్కి పోతే వదిలేయండి. ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల మోకులమ్మే చోట ఈ రెండూ దొరుకుతాయి. వలలకి వాడే తాడులో కొన్ని రకాలకి నూగు గరుకుగా ఉండి అరచేతిలో గుచ్చుకుంటుంది. పిల్లలు పట్టుకునే తాడు కాబట్టి మెత్తటి పోగులతో పేనినదో, అల్లినదో ఎంచుకోవాలి. నూలు తాడు, కొబ్బరి తాడు వద్దే వద్దు, కుళ్ళిపోతాయి.

మందం ముప్పావు అంగుళం, అంటే 18 నుంచి 20 మిల్లీమీటర్లు. సన్నగా ఉంటే చేతిని కోస్తుంది, తడి చేతికి పట్టు దొరకదు. బలం విషయంలో బెంగ అక్కర్లేదు. 20 మిల్లీమీటర్ల తాడు టన్నుల బరువు ఆపుతుంది. తెగడం జరగదు. ఊడేది తాడు కొసనున్న కొక్కేన్ని పట్టుకునే గోడలోని యాంకర్.

పొడవు లెక్క దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. పూల్ వెడల్పు 20 అడుగులనుకుందాం. బెండ్లు నాలుగడుగులకొకటి. గోడ నుంచి రెండు అడుగుల దగ్గర మొదటిది, ఆ తర్వాత 6, 10, 14, 18. మొత్తం అయిదు. బెండు అటూఇటూ జారిపోకుండా దాని రెండు పక్కలా ముడి వేస్తే పది ముళ్ళు. ఇంత లావు తాడులో ఒక్కో ముడి ఎనిమిది అంగుళాల తాడు మింగేస్తుంది. పది ముళ్ళకి దాదాపు ఏడడుగులు. రెండు చివర్లా కొక్కేలకి కన్ను, అంటే ఉంగరంలాంటి ముడి, వేయడానికి రెండేసి అడుగులు. ఇరవై, ఏడు, నాలుగు కలిపి ముప్పై ఒకటి. పది మీటర్లు, అంటే 33 అడుగులు కొనండి. ఆ మందంలో అది రెండు కిలోలకి కాస్త తక్కువ తూగుతుంది, కిలో లెక్కన అమ్మే చోట ఇది గుర్తుంటే మేలు. ఇరవై అడుగుల పూల్‌కి ఇరవై రెండు అడుగుల తాడు తెచ్చుకుని, మూడో బెండు దగ్గర తల పట్టుకునేవాళ్ళే ఎక్కువ.

లోపలే బిగింపు ఉండి, తాడుని కరిచిపట్టుకునే బెండ్లు కూడా వస్తాయి. ధర ఎక్కువే గానీ ముళ్ళ బెడద ఉండదు, తర్వాత సర్దుకోవడమూ తేలిక. వీటికి తాడు మందం సరిగ్గా కుదరాలి. 20 మిల్లీమీటర్లకి చేసిన బెండులో 16 తాడు పెడితే జారిపోతుంది. ముడికి బదులు ప్లాస్టిక్ టై బిగించే అలవాటు ఒకటుంది. ఎండకి అది కొన్నాళ్ళకే పెళుసెక్కి విరుగుతుంది. కోసిన కొస బ్లేడులా ఉండి పిల్లల చేతిని గీరుతుంది. వద్దు.

బెండు రంగు ఎలా ఉండాలో ఒక్క మాటలో చెప్పొచ్చు: నీళ్ళ రంగులో ఉండకూడదు. పూల్ టైల్స్‌కి మ్యాచ్ అవుతుందని నీలం బెండ్లు కొంటారు. కనబడకుండా ఉండేందుకు డబ్బిచ్చి కొనుక్కోవడమే అది. ఎరుపు, తెలుపు ఒకటి మార్చి ఒకటి పెట్టండి, నారింజ రంగైనా పర్లేదు. అయిదంగుళాల అడ్డుకొలత, తొమ్మిదంగుళాల పొడవు ఉండే బోలు ప్లాస్టిక్ బెండ్లు బాగా పనిచేస్తాయి. థర్మకోల్‌వి వద్దు. గింజలు రాలి, నీటి పైమురికిని లాగే స్కిమ్మర్ బుట్టలోకి, అక్కణ్ణుంచి పంపు జాలీలోకి చేరతాయి.

ఆ సైజు బెండు ఒక్కొక్కటి సుమారు రెండు కిలోల బరువు తేలుస్తుంది. అయిదూ కలిపి పది కిలోలు. నీళ్ళలో ఉన్న పిల్లవాడికి తల పైకి ఉంచుకోవడానికి కావలసింది నాలుగైదు కిలోల ఆసరా మాత్రమే. కాబట్టి ఒకరిద్దరు పట్టుకుని ఊపిరి తీసుకోగలరు. అదే పిల్లవాడు తాడు మీదెక్కి ఉయ్యాల ఊగితే ఇరవై ముప్పై కిలోల బరువు తాడు మీద పడి కొక్కేల్ని లాగుతుంది. తాడు మీద కూర్చోవద్దని పిల్లలకి చెప్పేది అందుకే.

తాడు ఎంత బిగువుండాలన్నది ఈ పనిలో అందరూ తప్పు చేసే చోటు. వదులుగా ఉంటే నడుమ భాగం లోతు వైపు వంగి, పిల్లవాణ్ణి విరుపు దాటించేస్తుంది. ఆ భయంతో వీణ తీగలా లాగి కడతారు. లెక్క చూడండి. ఇరవై అడుగుల తాడుకి నడుమ ఎవరో 40 కిలోల బలంతో పక్కకి లాగారనుకుందాం. తాడు అక్కడ అడుగు మేర వంగితే ఒక్కో కొక్కెం మీద 200 కిలోల లాగుడు పడుతుంది. రెండడుగులు వంగనిస్తే అది 100కి తగ్గుతుంది. ఆరంగుళాలే వంగేంత బిగిస్తే 400. తాడు ఎంత బిర్రుగా ఉంటే గోడకి అంత దెబ్బ. నడుమ నిలబడి ఒంటి చేత్తో మామూలుగా లాగితే జానెడు కదలాలి, వదలగానే వెనక్కి రావాలి. అంత చాలు. కొత్త తాడు మొదటి వారంలోనే సాగుతుంది. కట్టే ముందు రాత్రి రెండు స్తంభాల మధ్య బిగించి ఉంచితే ఆ సాగుడు సగం తీరిపోతుంది. వారం తర్వాత ఒకసారి మళ్ళీ సరిచేయాలి.

కట్టే వరుస ఇది. తాడు కొసలు రెండూ లైటర్‌తో కరిగించి పేటలు విడిపోకుండా చేయండి. కరిగిన ప్లాస్టిక్ వేలికి అంటితే ఊడదు, పాత గుడ్డతో నొక్కండి. ఒక చివర కొక్కెం కట్టేయండి. తర్వాత ముడి, బెండు, ముడి, ఇలా అయిదూ ఎక్కించండి. అన్నీ ఎక్కాకే రెండో కొక్కెం కట్టాలి. రెండు కొక్కేలూ ముందే కట్టేసి, బెండ్లు పట్టుకుని దిక్కులు చూసే సన్నివేశం ప్రతి కొత్త పూల్ దగ్గరా ఉంటుంది. కొక్కేనికి జారుముడి వేయకూడదు, లాగినకొద్దీ బిగుసుకుపోయి మళ్ళీ విప్పలేరు. కన్ను సైజు మారని బోలైన్ ముడి వేసి, మిగిలిన తోకని జానెడు వదలండి. బిగువు సర్దడానికి ఆ తోకే ఆధారం.

గోడలో కొక్కెం తగిలించే గిన్నెలాంటి దిగుడు యాంకర్ పూల్ కట్టేటప్పుడే పెట్టించుకోవాలి, నీటిమట్టానికి కాస్త పైన. అప్పుడు మర్చిపోతే తర్వాత చేయడం తలనొప్పి. నీళ్ళు ఇంకాస్త కిందికి దించాలి. టైల్‌కి బెజ్జం వేస్తే వెనకున్న వాటర్‌ప్రూఫింగ్ పొర చిల్లుపడుతుంది. సుత్తితో కొట్టి వ్యాకోచించే బోల్టు బిగిస్తే టైల్ పగులుతుంది. బెజ్జం శుభ్రం చేసి, ఆరనిచ్చి, ఎపాక్సీ జిగురుతో కూర్చోబెట్టి, డబ్బా మీద రాసినంతసేపు కదపకుండా ఉంచాలి. గట్టు మట్టానికి నీళ్ళు పొర్లే ఓవర్‌ఫ్లో పూల్ అయితే తాడుని గట్టు మీదున్న కొక్కేనికి కడుతుంటారు. అప్పుడు అది పొర్లిన నీళ్ళు పడే కాలువ జాలీ మీదుగా నడిచేవాళ్ళ కాలికి తగులుతుంది. యాంకర్‌ని కాలువ లోపలి గోడకే పెట్టించాలి.

కొక్కెం లోహం దగ్గర విశాఖ వేరు, హైదరాబాద్ వేరు. రుషికొండ, బీచ్ రోడ్డు వైపు పూల్స్‌కి ఒక పక్క క్లోరిన్, ఇంకో పక్క ఉప్పుగాలి. సముద్రానికి దూరంగా ఉన్న పెందుర్తిలో ఏళ్ళ తరబడి మెరిసే 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు, సముద్రం ఎదురుగా ఉన్న గట్టు మీద టీ మరకల్లాంటి మచ్చలు తేలి, ఆ మచ్చల కింద సూదిపోటు గుంటలు పడుతుంది. ఇక్కడ 316 వాడాలి. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుని తట్టుకునేది దానివల్లే. అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోలేదు, 316" అని అమ్ముతారు. మామూలుగా 304 కూడా అంటుకోదు. ఆ పరీక్షలో దొరికేది పూత పూసిన ఇనుము లాంటివే. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. క్రోమ్ పూసిన ఇత్తడి కొక్కెం కూడా బాగానే పనిచేస్తుంది, పూత లేచి పచ్చటి చిలుం కనబడే దాకా. కనబడ్డాక అంచులు వేళ్ళని కోస్తాయి, మార్చేయాలి.

పోటీల పూల్‌లో లేన్లకి వేసే తాడు కొనేసి ఇలా అడ్డంగా కట్టొచ్చా అని అడుగుతారు. అది వేరే వస్తువు. పూల్ పొడవునా వేస్తారు, లోపల స్టీలు తీగ, దాని మీద ఒకదాన్నొకటి ఆనుకుని అలలు విరగ్గొట్టే బిళ్ళలు, చివర బిగించే రాచెట్. ఆ బిళ్ళల మధ్య చిన్న పిల్లల వేళ్ళు ఇరుక్కుంటాయి. రెండు చివర్లా అయిదేసి మీటర్లు ఎర్ర బిళ్ళలుండేది ఈదేవాడికి గోడ దగ్గరపడిందని తెలియడానికి. లోతుతో దానికి సంబంధం లేదు.

వాడకంలో పెద్ద తంటా ఒకటే. పొద్దున్నే పొడవునా ఈదేవాళ్ళకి ఈ తాడు అడ్డం. విప్పేస్తారు. సాయంత్రం పిల్లలు దిగేసరికి అది గట్టు మీద చుట్టలా పడి ఉంటుంది. వేసవి క్యాంపుల నెలల్లో ఇది రోజూ జరిగేదే. విప్పడానికి అనుమతి ఉండాలంటే తిరిగి తగిలించే మనిషి పేరు కూడా ఉండాలి: పూల్ బాయ్ అయినా, వాచ్‌మన్ అయినా ఎవరో ఒకరు. విప్పేటప్పుడు రెండో చివర అలాగే ఉంచి తాడుని నీళ్ళలో వదిలేయకూడదు, కాళ్ళకి చుట్టుకుంటుంది. పూర్తిగా తీసి గోడకి మేకు కొట్టి వేలాడదీయాలి. తాడు లేని గంటల్లో కూడా హద్దు తెలియాలంటే విరుపు గీత మీద నేలకీ, రెండు పక్కల గోడలకీ ముదురు రంగు టైల్ పట్టీ వేయించడం మంచిది, నాలుగంగుళాల వెడల్పు చాలు. ఈసారి పూల్ ఖాళీ చేసి కడిగినప్పుడు చేయించుకోవచ్చు.

తాడు ఉంది కదా అని గట్టు మీద మనిషి లేకుండా పిల్లల్ని దింపడం కూడదు. మునిగేవాళ్ళు కేకలు వేయరు, నోరు నీటిమట్టం దగ్గరుంటే ఊపిరికే సరిపోదు. తాడు దగ్గరే గట్టు మీద పొడుగాటి కర్ర, తాడు కట్టిన తేలే రింగు పెట్టి ఉంచాలి, తాళం వేసిన గదిలో కాదు.

చూసుకోవడం పెద్ద పనేం కాదు. వారానికోసారి ఒక్కో బెండుని చెవి దగ్గర ఊపండి. గళగళమంటే పగిలి నీళ్ళు చేరాయని. అలాంటిది సగం మునిగి, పక్క బెండ్లని కూడా కిందికి లాగుతుంది. రెండు బెండ్లు అదనంగా కొని ఉంచుకుంటే పని ఆగదు, కాకపోతే కొత్తది ఎక్కించాలంటే ఒక కొక్కెం విప్పాల్సిందే. తాడు మీద జిగురుగా పాచి పడితే మెత్తటి బ్రష్‌తో రుద్ది కడగండి. తడి చుట్టని మూల పడేస్తే పాచి ఇంకా త్వరగా పడుతుంది. అరచేత్తో తాడుని గట్టిగా దువ్వితే తెల్లటి పొడి రాలి, నూగు గుచ్చుకుంటోందంటే ఎండ దాన్ని తినేసిందని అర్థం. మన ఎండకి నీడలేని పూల్‌లో ఏడాది, మహా అయితే రెండేళ్ళు. ఫిబ్రవరి చివర్లో, వేసవి రద్దీకి ముందే ఒకసారి మొత్తం చూసుకోవాలి. రెండోసారి తుపానుల కాలం ముందు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు గట్ల మీద కట్టనివేవీ ఆ గాలికి ఆగలేదు. తుపాను హెచ్చరిక రాగానే తాడు విప్పి లోపల పెట్టేయండి. తిరిగి కట్టేముందు కొక్కెం గిన్నెల్లో చేరిన ఇసుకా చెత్తా తీసి, నేల కనబడేంతగా నీళ్ళు తేరుకున్నాకే కట్టండి.

మార్చేసిన పాత తాడుని మేడ మీద దండెం కట్టేద్దామనుకుంటారు. ఆ పొడి ఆరేసిన బట్టలకి అంటుకుని రోజంతా దురద పెడుతుంది. చెత్తబండికి ఇచ్చేయండి.